బ్యాక్టీరియాకు సైటోస్కెలిటన్ లేదా? వైవాలో తిట్లు తిన్నాను

సుధ_ఎమ్మెస్సీ:
మా నోట్స్‌లో "ప్రోకేరియోట్లకు (బ్యాక్టీరియా లాంటి కేంద్రకం లేని కణాలకు) సైటోస్కెలిటన్ (కణానికి ఆకారమిచ్చే ప్రొటీన్ చట్రం) ఉండదు" అనే ఉంది. వైవాలో ఎఫ్‌టీఎస్‌జెడ్ (బ్యాక్టీరియా కణం రెండుగా విడిపోవడానికి కావాల్సిన ప్రొటీన్) పేరు ఎత్తితే "నోట్స్‌లో లేనిది చెప్పకు" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చేశాను. ఇలాంటి బ్యాక్టీరియా ప్రొటీన్లు మన కణాల చట్రంలో ఉండే ట్యుబ్యులిన్‌కి, యాక్టిన్‌కి నిజంగా చుట్టాలేనా? క్రెసెంటిన్ అనే ఇంకో బ్యాక్టీరియా ప్రొటీన్ సంగతి కూడా చెప్పండి.

పాత_పెట్రీడిష్:
అమ్మా, నువ్వు చెప్పిందే కరెక్టు. వేడి పెరిగితే ఎఫ్‌టీఎస్‌జెడ్ పనిచేయని రకం ఈ.కోలై బ్యాక్టీరియాని 30 డిగ్రీల్లో పెంచి, 42కి మార్చి చూశాను. కణాలు పొడుగవుతాయి గానీ విడిపోవు. రెండు గంటలయ్యాక స్లైడ్ పెడితే ఫీల్డ్ నిండా సేమ్యాలు! మధ్యలో ఎక్కడా అడ్డగోడ లేదు. ఆ ప్రొటీన్ కణం నడుమన ఉంగరంలా చేరుతుందని 1991లోనే చూపించారు. ముప్పై ఏళ్లు దాటినా నోట్స్ మార్చకపోతే ఎలా?

ప్రొటీన్_పిచ్చోడు:
చుట్టాలే. 1998లో ఒకే నేచర్ సంచికలో ఎఫ్‌టీఎస్‌జెడ్, ట్యుబ్యులిన్ రెండిటి నిర్మాణాలూ వచ్చాయి. అమైనో ఆమ్లాల వరుసలు పక్కపక్కన పెడితే పోలిక 20 శాతం కూడా ఉండదు, మడత (ప్రొటీన్ త్రీడీ ఆకారం) మాత్రం అచ్చు ఒకటే. రెండూ జీటీపీ అనే శక్తినిచ్చే అణువునే పట్టుకుంటాయి. వరుస మారిపోయినా మడత నిలుస్తుంది, పరిణామం చదివేవాళ్లు ముందు పట్టుకోవాల్సింది ఇదే. నేను పదేళ్లుగా స్ఫటికాలు పెంచుతున్నా, ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

గోదారి_బయో:
ఆ 1998 ఎఫ్‌టీఎస్‌జెడ్ బ్యాక్టీరియాది కాదు సార్, ఆర్కియాది (బ్యాక్టీరియాలాగే కేంద్రకం లేని వేరే సూక్ష్మజీవుల గుంపు). మెథనోకాకస్ జన్నాషీ. అది కూడా చెప్పాలి కదా.

నెట్_రాస్తున్నా:
యాక్టిన్ చుట్టం ఎంఆర్ఈబీ అనే బ్యాక్టీరియా ప్రొటీన్. కణం పొడవునా స్ప్రింగులా చుట్టుకుని కడ్డీ ఆకారం ఇస్తుంది. కోచింగ్‌లో ఇదే చెప్పారు, ఇదే రాయండి.

ఫ్లోరోసెన్స్_రాజు:
ఆ స్ప్రింగు బొమ్మ ఇంకా ఎన్నాళ్లు తిప్పుతారు! ఆ బొమ్మ నమ్మి ఏడాదిన్నర పోగొట్టుకున్నాను. ఎంఆర్ఈబీకి ముందు వైపు వైఎఫ్‌పీ అనే పసుపుగా మెరిసే ప్రొటీన్‌ని ట్యాగ్‌గా తగిలించా, అందమైన స్ప్రింగులు కనిపించాయి, పోస్టర్ కూడా వేశా. తర్వాత 2012లో పేపర్ వచ్చింది: ఈ.కోలైలో ఆ స్ప్రింగు ట్యాగ్ వల్లే వస్తోందని. 2011లో మూడు బృందాలు విడివిడిగా చూశాయి: చిన్న చిన్న ముక్కలే, కణం చుట్టుకొలత వెంట తిరుగుతాయి, గోడ కట్టే ఎంజైములు కూడా వాటితోనే కదులుతాయి.

నెట్_రాస్తున్నా:
మీ ట్యాగ్ తప్పయితే అందరిదీ తప్పేనా? 2001లో బాసిల్లస్ అనే బ్యాక్టీరియాలో చూసింది యాంటీబాడీతో. వైఎఫ్‌పీతో కాదు.

ఫ్లోరోసెన్స్_రాజు:
తమ్ముడూ, కణం వెడల్పే ఒక మైక్రాన్ లోపు. మామూలు మైక్రోస్కోప్ 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని విడదీయలేదు. ఏటవాలు చుక్కలు కలిసిపోతే స్ప్రింగులాగే అనిపిస్తుంది. క్రయో టోమోగ్రఫీలో (గడ్డకట్టించిన కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో త్రీడీలో చూసే పద్ధతి) వెతికితే పొడుగు స్ప్రింగు దొరకలేదు. చదివి మాట్లాడు.

నెట్_రాస్తున్నా:
చదివే మాట్లాడుతున్నా. నెట్ పరీక్షలో మార్కులు ఆన్సర్ కీ ప్రకారం పడతాయి, మీ టోమోగ్రఫీ ప్రకారం కాదు. ఉద్యోగం లేకుండా మూడో అటెంప్ట్ రాస్తున్నవాడి టెన్షన్ మీకేం తెలుసు.

టీబీ_ల్యాబ్_లక్ష్మి:
ఇద్దరూ ఆగండి. అసలు "ఎంఆర్ఈబీ ఉంటేనే కడ్డీ" అన్న మాటే నాకు మంట. మా టీబీ క్రిమి కడ్డీయే, దానికి ఎంఆర్ఈబీ లేనే లేదు! అది కొసల దగ్గర పెరుగుతుంది, వాగ్31 అనే ప్రొటీన్ అక్కడ గోడ పని చూసుకుంటుంది. ఇన్ని ప్రాణాలు తీసే క్రిమిని పాఠంలో ఒక్క లైన్‌కి కూడా నోచుకోనివ్వరు.

పాత_పెట్రీడిష్:
లక్ష్మి గారూ, బాగా గుర్తు చేశారు. క్లమీడియా అనే బ్యాక్టీరియాది ఇంకో దారి. ఎఫ్‌టీఎస్‌జెడ్ లేదు, విభజనకి ఎంఆర్ఈబీనే వాడుకుంటుంది.

గోదారి_బయో:
ప్రోస్థికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాలో అయితే బీట్యూబ్‌ఏ, బీట్యూబ్‌బీ అని అచ్చం ట్యుబ్యులిన్ లాంటివే ఉన్నాయి. అవి యూకేరియోట్ల (కేంద్రకం ఉన్న కణాల) నుంచి, వారసత్వంగా కాకుండా అడ్డంగా వచ్చిన జన్యువులని చాలామంది అంటారు. నేనైతే అంత తేలిగ్గా ఒప్పుకోను.

సుధ_ఎమ్మెస్సీ:
క్రెసెంటిన్ ఎవరూ చెప్పలేదు 😔

ప్రొటీన్_పిచ్చోడు:
సారీ అమ్మా. 2003లో కాలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాలో దొరికింది. కణం లోపలి వంపు వైపు అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ జన్యువు తీసేస్తే నెలవంక లాంటి కణం తిన్నగా అయిపోతుంది. మన కణాల చట్రంలోని మరో రకం పోగులు, ఇంటర్మీడియట్ ఫిలమెంట్లలా పొడుగ్గా మెలిపడిన ప్రొటీనే, కానీ మెలిపడటం ఒక్కటే చూసి చుట్టరికం కలపలేం. అలాంటి మెలికలు వేరు వేరు చోట్ల విడిగానూ పుట్టగలవు. ట్యుబ్యులిన్ విషయంలో చెప్పినంత గట్టిగా దీని గురించి చెప్పను.

సుధ_ఎమ్మెస్సీ:
థాంక్యూ సార్. రాజు గారూ, సోమవారం మాకు ఏ22 అనే రసాయనం కలిపిన ఈ.కోలై ప్రాక్టికల్ ఉంది. నిజంగానే కడ్డీలు గుండ్రంగా అవుతాయా?

ఫ్లోరోసెన్స్_రాజు:
అవుతాయి. ఏ22 ఎంఆర్ఈబీని పనిచేయనివ్వదు. కలపని కల్చర్ స్లైడ్ పక్కనే పెట్టుకో, అరగంటకోసారి చూడు. ఫోటోలు ఇక్కడ పెట్టు.