1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన నాలుగో ప్లేస్ ఆడి తెచ్చుకున్నదా, వాకోవర్ పుణ్యమా?

గుంటూరు గోలీ:
ఫుట్‌బాల్ హిస్టరీ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. 1956 ఒలింపిక్స్‌లో ఇండియా సెమీఫైనల్ ఆడింది, నాలుగో ప్లేస్ వచ్చింది అని నేను ఎప్పుడూ గొప్పగా చెప్తుంటా. మా ఆఫీసులో ఒకాయన మాత్రం అదేం గొప్పండీ, ఫస్ట్ రౌండ్‌లో హంగరీ రాకపోతే వాకోవర్ (ఆడకుండానే గెలుపు) వచ్చింది, తర్వాత ఆస్ట్రేలియాని కొట్టారు, ఒక్క మ్యాచ్ గెలిచి సెమీస్‌కి పోయారు, ఆ తర్వాత రెండూ ఓడిపోయారు, అంతే కదా అని తీసిపారేశాడు. లెక్క చూస్తే ఆయన చెప్పింది నిజమే, గెలిచింది ఒక్కటే. కానీ నాకు మనసొప్పట్లేదు. అసలు ఆ టోర్నమెంట్ ఎలా జరిగింది, మనవాళ్లు ఎలా ఆడారు, హైదరాబాద్ వాళ్లు ఎవరెవరు ఉన్నారు, తెలిస్తే చెప్పరూ.

పాత స్కోర్‌కార్డు:
వాకోవర్ వచ్చిన మాట నిజమే గానీ అది మనకొక్కళ్లకే వచ్చినట్టు చెప్తే ఎలా? ఆ సంవత్సరం ప్రపంచమంతా అల్లకల్లోలంగా ఉంది. సూయజ్ గొడవతో ఈజిప్టు రాలేదు, తైవాన్‌ని పిలిచారని చైనా రాలేదు, హంగరీలోకి సోవియట్ ట్యాంకులు దిగాయి, టర్కీ, దక్షిణ వియత్నాం కూడా తప్పుకున్నాయి. 16 టీంలు ఆడాల్సిన చోట 11 మిగిలాయి. అంటే ఫస్ట్ రౌండ్ ఆడకుండానే క్వార్టర్స్‌కి వెళ్లినవి ఐదు టీంలు, అందులో మనది ఒకటి. యుగోస్లావియా, బల్గేరియా కూడా అలాగే వెళ్లాయి, వాళ్ల మెడల్స్‌ని ఎవరూ వాకోవర్ మెడల్స్ అనరు. బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం, క్వాలిఫయింగ్‌లో బల్గేరియా చేతిలో ఓడిపోయినా ఖాళీలున్నాయని మళ్లీ పిలిచారు, థాయ్‌లాండ్‌ని 9-0తో కొట్టి క్వార్టర్స్‌కి వచ్చి మళ్లీ అదే బల్గేరియా చేతిలో 6-1తో పోయారు.

ఇక ఆస్ట్రేలియా మ్యాచ్. డిసెంబర్ 1న, వాళ్ల గడ్డ మీద, వాళ్ల జనం ముందు. వాళ్లు అప్పటికే జపాన్‌ని 2-0తో ఓడించి వచ్చారు. మన ఫార్వర్డ్ నెవిల్ డిసౌజా గోల్ కొడితే వాళ్లు సమం చేశారు, మళ్లీ నెవిల్ కొడితే మళ్లీ సమం చేశారు, హాఫ్ టైంకి 2-2. సెకండాఫ్ మొదలవగానే నెవిల్ మూడోది కొట్టాడు, చివర్లో మన ఇంకో ఫార్వర్డ్ కిట్టు నాలుగోది వేశాడు, 4-2. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ప్లేయర్ నెవిలే. టోర్నమెంట్ మొత్తం మీద నాలుగు గోల్స్, టాప్ స్కోరర్లలో ఒకడు. ఇంత చేసిన మనిషి పేరు ఈరోజు ఎంతమందికి తెలుసు చెప్పండి, నాకు అదే బాధ.

సెమీస్‌లో యుగోస్లావియా. ఇక్కడ ఒక విషయం చెప్పాలి, 1952 హెల్సింకిలో మనల్ని 10-1తో చితక్కొట్టింది ఇదే యుగోస్లావియా. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బ తర్వాతే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే టీంతో హాఫ్ టైంకి 0-0, సెకండాఫ్‌లో ముందు గోల్ మనదే, నెవిల్ కొట్టాడు! అక్కణ్నుంచి ఓ పావుగంటలో వాళ్లు వరసగా మూడు కొట్టేశారు, నాలుగోది మన సెల్ఫ్ గోల్, 4-1. ఓడిపోయాం, కానీ 10-1 నుంచి అక్కడికి నాలుగేళ్లలో వచ్చాం. బ్రాంజ్ మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో కొట్టింది, అందులో వాదించడానికి ఏం లేదు, వాళ్లు మనకంటే బాగా ఆడారు. గోల్డ్ సోవియట్ యూనియన్‌కి పోయింది, ఫైనల్లో యుగోస్లావియా మీద 1-0, సోవియట్ గోల్‌కీపర్ యాషిన్.

లష్కర్ పోరడు:
అన్నా మంచిగ చెప్పిండు గని రహీం సాబ్ పేరు లేకుంట ఈ ముచ్చట పూర్తి కాదు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాద్ ఆయనే, మొదట స్కూల్ టీచర్. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకు కోచింగ్ ఇచ్చిండు, 1950 నుంచి 54 దాంక ఐదేండ్లు వరసగ బొంబాయిల రోవర్స్ కప్ గెలిచిండ్రు. రాష్ట్రాల టీంలు ఆడే సంతోష్ ట్రోఫీ కూడ ఆ టైంల వరసగ రెండు సార్లు హైదరాబాద్‌కే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నవంబర్ 1న ఏర్పడ్డది, నెల తిరిగేసరికి మనోళ్లు మెల్‌బోర్న్‌ల ఒలింపిక్స్ గ్రౌండ్ల ఉన్నరు, ఎంత మంది యాద్ చేసుకుంటరు ఈ సంగతి.

ఆ టీంల మనోళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. బలరాం మా సికింద్రాబాద్ దిక్కు అమ్ముగూడ పోరడు, అప్పటికి ఇరవై ఏండ్లు. గోల్‌కీపర్ తంగరాజ్ కూడ హైదరాబాద్‌ల పుట్టినోడే, ఫౌజ్ తరఫున ఆడుతుండె.

రహీం సాబ్ పని ఎట్లుంటదంటే, డ్రిబ్లింగ్ చెయ్యొద్దు అని రూల్ పెట్టి టోర్నమెంట్లు ఆడిపిచ్చెటోడు. బాల్ వచ్చిందంటే వెంటనే పాస్ కొట్టాలె, కాళ్ల దగ్గర పెట్టుకొని సోకులు చెయ్యొద్దు. ఒక్క టచ్ రూల్‌తోని కొన్ని, బలం లేని కాలుతోనే కొట్టాలని ఇంకొన్ని. కుడి కాలు అలవాటున్నోడు ఎడమ కాలుతోని పొద్దంత కొడితె కొన్ని దినాలకు వానికి రెండు కాళ్లు ఒక్కటే అయితయి. ఇంకోటి, హంగరీ టీం ఆట చూసి సెంటర్ ఫార్వర్డ్ లైన్ల ఒకరిని కొంచెం ఎన్కకు గుంజి ఆడిపిచ్చిండు. ఎదుటి టీం డిఫెండర్ ఆయన ఎంబడి ముందటికొస్తె ఎనుక జాగ ఖాళీ అయితది, నెవిల్ అండ్లకు ఉరుకుతడు, రాకపోతె ఎన్కకొచ్చినాయన దర్జాగ బాల్ తీసుకొని పాస్ ఇస్తడు. ఆ రోజులల్ల చానా దేశాలు ఇంక పాత పద్ధతిల ఆడుతున్నయి, మనోళ్లు అప్పటికే గిది ఆడుతున్నరు. దీన్ని లక్కు అంటె నేనైతె ఒప్పుకోను.

వైజాగ్ వింగర్:
రహీం గారంటే నాకూ చాలా గౌరవం అండి, అందులో రెండో మాట లేదు. కానీ ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. అప్పట్లో ఒలింపిక్స్‌కి అమెచ్యూర్లనే (డబ్బుకి ఆడనివాళ్లనే) పంపాలి కాబట్టి బ్రెజిల్, ఇటలీ లాంటి దేశాల అసలు ప్రొఫెషనల్ ప్లేయర్లు అక్కడికి రాలేదు. సోవియట్ వాళ్లు, తూర్పు యూరప్ వాళ్లు పేరుకి ఉద్యోగులు, పని మాత్రం ఫుట్‌బాలే, అందుకే వాళ్ల బెస్ట్ టీంలు వచ్చేవి, మెడల్స్ కూడా వాళ్లే పట్టుకుపోయారు. కాబట్టి నాలుగో ప్లేస్ అంటే ప్రపంచంలో నాలుగో టీం అన్నట్టు మాట్లాడితే తప్పే. పైగా హంగరీ 1952 గోల్డ్ మెడల్ టీం, వాళ్లు వచ్చి ఉంటే ఫస్ట్ రౌండ్‌లోనే మన కథ అయిపోయేది కదా? ఆ ఆఫీసు ఆయన మాటలో ఎంతో కొంత నిజం ఉంది.

పాత స్కోర్‌కార్డు:
వింగర్ గారూ, అమెచ్యూర్ల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం, ప్రపంచంలో నాలుగో టీం అని నేనూ అనను. హంగరీ వస్తే ఓడిపోయేవాళ్లమేమో కూడా. కాకపోతే కథ అయిపోయేది అని అంత తేలిగ్గా అనేముందు 1960 రోమ్ చూడండి. అక్కడ హంగరీ వచ్చింది, మన గ్రూపులోనే పడింది, ఫ్లోరియన్ ఆల్బర్ట్ లాంటి పేరున్న ఫార్వర్డ్ ఉన్నాడు టీంలో. స్కోరు హంగరీ 2, ఇండియా 1. మన గోల్ కొట్టింది పైన లష్కర్ తమ్ముడు చెప్పిన అమ్ముగూడ బలరామే. ఆ హంగరీ ఆ ఒలింపిక్స్‌లో బ్రాంజ్ తీసుకుని వెళ్లింది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశాం, పెరూతో 3-1 ఓడాం, అందులో మన గోల్ కూడా బలరాందే. గ్రూపు దాటలేదు కానీ ఎవరి చేతిలోనూ చితికిపోలేదు. 1956 గాలివాటం అయితే నాలుగేళ్ల తర్వాత అదే కోచ్ కింద ఇలా ఆడగలిగేవాళ్లా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టి గోల్డ్ తెచ్చేవాళ్లా?

ఇంకొకటి, గోలీ గారు మీ ఆఫీసు ఆయనకి చెప్పాల్సింది. ఒలింపిక్స్ అయిపోయాక డిసెంబర్ 12న సిడ్నీలో ఇండియా, ఆస్ట్రేలియా మళ్లీ ఆడాయి. 7-1తో గెలిచాం.

గుంటూరు గోలీ:
7-1 ఆ!! ఇది నాకు అస్సలు తెలీదు, రేపు ఆఫీసుకి వెళ్లగానే ఆయనకి ఇదే చెప్తా. అందరికీ చాలా థ్యాంక్స్. ఇంకో చిన్న డౌట్, రోమ్ తర్వాత మనం మళ్లీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఎప్పుడు ఆడాం?

లష్కర్ పోరడు:
ఆడలేదన్నా. రోమే ఆఖరు. రహీం సాబ్ జకార్తకు పోయేటప్పటికే క్యాన్సర్ తోని ఉన్నడు, 1963 జూన్‌ల పోయిండు. ఆయన తర్వాత మల్ల ఒక్కసారి గూడ మనం క్వాలిఫై కాలేదు.