అప్‌డేట్: ఫ్లీస్ దుప్పటి అంచు కుదిరింది

రెండేళ్ల మనవరాలికి కుడుతున్న ఫ్లీస్ దుప్పటి అంచులు అలల్లా సాగిపోతున్నాయని, ఏం చేయాలని అడిగాను. సలహాలు ఇచ్చిన అందరికీ చెప్పాలని రాస్తున్నాను: దుప్పటి పూర్తయింది.

ఫ్లీస్ మెత్తటి నూగు ఉండే అల్లిక బట్ట, కత్తిరించినా పోగులు ఊడవు. ఆ సంగతి తెలియక లంగా అంచులా రెండు మడతలు వేసి, లాగి పట్టుకుని మిషను మీద కుట్టాను. అందుకే సాగింది. అదంతా విప్పేశాను. మీరన్నట్టు సూది దగ్గర బట్టను నొక్కి పట్టే మిషను పాదం ఒత్తిడి తగ్గించి, కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లకు పెంచి ముక్క మీద చూస్తే అలలు తగ్గాయి. కానీ మడత దళసరిగా తగిలింది. పాప బుగ్గకు ఆనే చోట అది నాకు నచ్చలేదు.

చివరికి మడత లేకుండా, పసుపు ఊలుతో చేత్తో బ్లాంకెట్ కుట్టు (ప్రతి కుట్టూ అంచు మీద ఊలును మెలిపెట్టి పట్టే కుట్టు) వేశాను. అంచుకు అర అంగుళం లోపల సుద్దతో గీత, అర అంగుళానికొక కుట్టు. 36 అంగుళాల చదరానికి 288 కుట్లు, నాలుగు సాయంత్రాలు! ఊలు బిగిస్తే అంచు ముడుచుకుంటుంది, ఆనితే చాలు. మూలల్లో ఒకే రంధ్రంలోంచి మూడు కుట్లు తీశాను, మూల చక్కగా నిలిచింది.

కుట్టే బదులు అంచును సన్నటి పట్టీలుగా కత్తిరించి కుచ్చులు ముడి వేయమన్నవారికి కూడా ధన్యవాదాలు. పాప ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది, అందుకే వద్దనుకున్నాను. చల్లటి నీళ్లలో ఒకసారి ఉతికాను. ఒక్క కుట్టు కూడా కదలలేదు.