సైక్ 101 రీసెర్చ్ పేపర్ మొదటిసారి రాస్తున్నా, మీరెలా రాశారో చెప్పండి

కొత్తగా_డాలస్: అందరికీ నమస్తే. ఇంటర్ అయ్యాక ఇక్కడ టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీలో చేరా, ఈ సెమిస్టర్‌లో ఇంట్రో సైకాలజీ తీసుకున్నా. 6 పేజీల రీసెర్చ్ పేపర్ ఇవ్వాలి, కనీసం 5 పీర్ రివ్యూడ్ (అదే రంగంలో నిపుణులు చూసి ఒప్పుకున్న) ఆర్టికల్స్ ఉండాలి, ఏపీఏ ఫార్మాట్ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన రాసే పద్ధతి). మనకేమో ఎంపీసీలో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు పడేవి, ఇక్కడ అలా రాస్తే ప్లేజరిజం, అంటే కాపీ కొట్టడం అంటున్నారు. నా టాపిక్ మెమరీ. గూగుల్ స్కాలర్‌లో (రీసెర్చ్ ఆర్టికల్స్ వెతికే సైట్) ఆ మాట కొడితే లక్షల్లో వచ్చాయి, మూడు రోజుల నుంచి ఒకటి తెరవడం మూసేయడం ఇంకోటి తెరవడం ఇదే పని. టైటిల్ పేజీ తప్ప ఏమీ కాలేదు. ఇంకా 19 రోజులు ఉంది.

శ్రీకాకుళం_అక్క: తమ్ముడూ, మెమరీ అనేది టాపిక్ కాదు, టెక్స్ట్‌బుక్‌లో ఒక చాప్టర్ మొత్తం అదే. దాన్ని ఒక్క ప్రశ్న చేసుకోవాలి. నేను కూడా మెమరీ దగ్గరే మొదలెట్టి, కళ్ళారా చూసినోళ్ళ సాక్ష్యం దాకా వచ్చి, చివరికి "అడిగే మాట మారితే గుర్తున్నది మారుతుందా" అన్నదాని మీద ఆగా. 1974లో లాఫ్టస్, పామర్ అనే ఇద్దరు సైకాలజీ రీసెర్చర్లు చేసిన స్టడీ నీ టెక్స్ట్‌బుక్‌లో కూడా ఉండే ఉంటుంది చూడు. కార్ల యాక్సిడెంట్ ఫిల్మ్ చూపించి, కార్లు "గుద్దుకున్నప్పుడు" స్పీడ్ ఎంత అని కొందరిని, "తగిలినప్పుడు" ఎంత అని ఇంకొందరిని అడిగారు. గట్టి మాట విన్నోళ్ళు గంటకి సుమారు 40 మైళ్ళు అన్నారు, మెత్తటి మాట విన్నోళ్ళు 32 దగ్గర చెప్పారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అదే పేపర్లో రెండో ప్రయోగం ఉంది, వారం తర్వాత పిలిచి "పగిలిన అద్దం చూశారా" అని అడిగారు, ఫిల్మ్‌లో అసలు అద్దమే పగల్లేదు. టెక్స్ట్‌బుక్‌లో చదివినప్పుడు గట్టి మాట విన్నోళ్ళందరూ చూశామన్నారేమో అనిపించింది నాకు. ఒరిజినల్ తెరిచి టేబుల్ చూస్తే 50 మందిలో 16 మందే అవునన్నారు, మిగతా 34 మంది లేదనే చెప్పారు. ఈ ప్రయోగంలో మెత్తటి మాట "హిట్" (ఢీకొన్నప్పుడు), ఆ గ్రూపులో 50కి 7. తేడా నిజమే, కానీ నేను ఊహించుకున్నంత లేదు. ఆ ఒక్క టేబుల్ మీద ఒకటిన్నర పేజీ రాశా, ప్రొఫెసర్ పక్కన టిక్ పెట్టింది కూడా అక్కడే.

నల్గొండ_పోరడు: అక్క చెప్పింది కరెక్ట్. బ్రో, బట్టీ మీద రాయొచ్చు గద, మనకి తెలిసినంత ఎవరికి తెల్సు? 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు చేసిన్రు. వాషింగ్టన్ యూనివర్సిటీ స్టూడెంట్స్‌కి ఒక పేరా ఇచ్చి, ఒక గ్రూపుని నాలుగు విడతలు చదువుడే చదివించిన్రు, ఇంకో గ్రూపు ఒక్క విడత చదివి మూడు విడతలు చూడకుండ రాసిన్రు. 5 నిమిషాలకి టెస్ట్ పెడితే చదువుడు గ్రూపే ముందు, 83 శాతం, రాసినోళ్ళు 71. అదే వారం తర్వాత పెడితే చదివినోళ్ళు 40కి పడిపోయిన్రు, రాసినోళ్ళు 61.

నాకు మాత్రం అన్నిటికంటే గట్టిగ తగిలింది ఇంకో లెక్క. ఆ నాలుగు విడతల్ల కలిపి చదువుడు గ్రూపు ఆ పేరాని సగటున 14 సార్లు చదివింది, రాసే గ్రూపు మూడున్నర సార్లు కూడా చదవలే. అయినా వారం తర్వాత మీకు బాగ గుర్తుంటదా అని అడిగితే ఎక్కువ నమ్మకంగ చెప్పింది ఆ 14 సార్లు చదివినోళ్ళే. హాస్టల్ల రాత్రి పన్నెండింటి దాక చదివి అంత వచ్చేసిందని పడుకునేటోళ్ళం, పరీక్షల కూసుంటే ఏం యాదికి రాకపోయేది, అది ఎందుకో ఈ పేపర్ చదివినంక నాకు అర్థమైంది. దీన్నే టెస్టింగ్ ఎఫెక్ట్ అంటరు, ఆ పేరుతోని వెతుకు.

వర్షిణి_న్యూజెర్సీ: నాకు జరిగింది చెప్తా, ఎవరూ చెయ్యకండి. పోయిన ఫాల్ సెమిస్టర్‌లో టైమ్ లేక ఒక చాట్‌బాట్‌ని ఆర్టికల్స్ ఇవ్వమన్నా, ఏడు ఇచ్చింది, జర్నల్ పేరు పేజీ నంబర్లతో సహా చక్కగా ఉన్నాయి, అలాగే పెట్టేశా. ప్రొఫెసర్ ఒక్కొక్కటి లైబ్రరీలో వెతికారంట, మూడు అసలు లేనే లేవు. ఆ పేపర్‌కి సున్నా వచ్చింది, ఇంట్లో చెప్పడానికి వారం పట్టింది. ఇప్పుడు పీడీఎఫ్ నా ఫోల్డర్‌లో ఉండి, నేను చదివితే తప్ప దాని పేరు రాయను.

గ్రేడింగ్_చేసే_అన్న: పీహెచ్‌డీ చేస్తూ టీఏగా (ప్రొఫెసర్‌కి టీచింగ్ అసిస్టెంట్‌గా) మూడేళ్ళుగా ఇవే పేపర్లు దిద్దుతున్నా కాబట్టి అటు వైపు నుంచి చెప్తా. ఎక్కువ మార్కులు పోయేది ఏపీఏ కామాల దగ్గర కాదు. ఒక పేరాలో ఒక ఆర్టికల్, తర్వాతి పేరాలో ఇంకో ఆర్టికల్, ఇలా ఐదు సారాంశాలు వరసగా పేర్చి పంపిస్తారు, వాటి మధ్య మాటే ఉండదు. పేరా పాయింట్‌తో మొదలవ్వాలి, ఆ పాయింట్ దగ్గర ఇద్దరు ముగ్గురు రీసెర్చర్లు ఎక్కడ కలిశారో ఎక్కడ తేడా పడ్డారో రావాలి.

రెండోది "ప్రూవ్ చేసింది" అనే మాట. ఒక్క స్టడీ ఏదీ ప్రూవ్ చెయ్యదు, సపోర్ట్ చేస్తుంది, సూచిస్తుంది, అంతే. 2015లో 100 సైకాలజీ స్టడీలని మళ్ళీ చేసి చూస్తే ఫలితం నిలిచింది మూడో వంతుకి కాస్త ఎక్కువ వాటిల్లోనే. అందుకే పాత పేపర్ దొరికితే దాన్ని తర్వాత ఎవరెవరు తమ పేపర్లలో ప్రస్తావించారో స్కాలర్‌లో "సైటెడ్ బై" నొక్కి చూడండి. ఎవరైనా మళ్ళీ చేసుంటే అక్కడ దొరుకుతుంది, ఆ తేడా మీదే మంచి పేపర్ వస్తుంది.

హిమాయత్‌నగర్_బీఏ: అన్నా, నేను హైదరాబాద్‌లో బీఏ సైకాలజీ, మా కాలేజీలో డేటాబేస్ సబ్‌స్క్రిప్షన్ లేదు, ప్రతి లింకూ డబ్బులు అడుగుతుంది. మా ఫ్రెండ్‌కి డిప్రెషన్ ఉంది, తన గురించి కేస్ స్టడీలాగా రాస్తే సరిపోతుందా?

గ్రేడింగ్_చేసే_అన్న: వద్దమ్మా. తను చెప్పుకున్నది నీ మీద నమ్మకంతో చెప్పుకుంది, పేరు మార్చినా క్లాసులో పోల్చుకుంటారు. పైగా రోగనిర్ధారణ చేసే ట్రైనింగ్ మనకి ఇంకా లేదు. ఆర్టికల్స్ సంగతి అంటావా, స్కాలర్‌లో టైటిల్ కింద "ఆల్ వెర్షన్స్" అని ఉంటుంది, అక్కడ చాలాసార్లు ఫ్రీ పీడీఎఫ్ ఉంటుంది. పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ ఆర్టికల్స్ సైట్‌లో ఉన్నవన్నీ ఉచితంగా చదవొచ్చు. అక్కడా లేకపోతే రాసినవాళ్ళకే మర్యాదగా రెండు లైన్ల మెయిల్ పెట్టు, నేను అడిగిన నలుగురిలో ముగ్గురు పంపారు.

శ్రీకాకుళం_అక్క: చెల్లీ, 2010లో హెన్రిక్ వాళ్ళు రాసిన ఆర్టికల్ కూడా చూడు, సైకాలజీలో శాంపిల్స్ ఎక్కువగా పాశ్చాత్య దేశాల చదువుకున్న సంపన్న జనం నుంచే వస్తున్నాయని రాశారు. మన పిల్లలకి ఆ స్టడీల ఫలితాలు ఎంతవరకు వర్తిస్తాయి అని పేపర్‌లో లిమిటేషన్స్ (పరిమితులు) దగ్గర అడగడానికి పనికొస్తుంది.

కొత్తగా_డాలస్: అందరికీ చాలా థాంక్స్. నల్గొండ అన్న చెప్పిన పేపర్ లైబ్రరీ సైట్‌లో దొరికింది, మెథడ్ సెక్షన్ రెండుసార్లు చదివా. ఆ పేరాలు సూర్యుడి గురించి, సముద్రపు నీటికుక్కల (ఒట్టర్ల) గురించి అంట. ప్రశ్న ఇలా రాసుకున్నా: "మళ్ళీ మళ్ళీ చదవడం కంటే చూడకుండా రాసుకోవడం వారం తర్వాత ఎక్కువ గుర్తుంచుతుందా, ఆ తేడా చదివేవాళ్ళకి ఎందుకు కనిపించదు?" సరేనా? ఇంకోటి, ముగ్గురు రాసిన ఆర్టికల్‌కి మొదటిసారే "ఎట్ ఆల్" (ఇంకా మిగతావాళ్ళు అని) పెట్టాలా, అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో పెట్టే చిన్న సారాంశం) కావాలా?

గ్రేడింగ్_చేసే_అన్న: ప్రశ్న బాగుంది, రెండో సగం ఇంకా బాగుంది, పేపర్ బరువంతా దాని మీద పెట్టు. ఏపీఏ ఏడో ఎడిషన్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువ మంది ఉంటే మొదటిసారి నుంచే ఎట్ ఆల్. స్టూడెంట్ పేపర్‌కి ప్రొఫెసర్ అడిగితేనే అబ్‌స్ట్రాక్ట్. అడిగితే మాత్రం అన్నీ అయ్యాక చివర్లో రాయి.

నల్గొండ_పోరడు: బ్రో, డ్రాఫ్ట్ అయినంక ఇక్కడ పెట్టు, నేను చదువుత.