నాలుగు అమాక్సిసిలిన్ మాత్రలు ఒకేసారి వేసుకోవచ్చా?

మా అమ్మకు 2016లో గుండెలో మైట్రల్ వాల్వ్ (ఎడమ వైపు కవాటం) మార్చారు, మెటల్ వాల్వ్. కింది దవడలో పన్ను పుచ్చిపోయి కదులుతోంది, శుక్రవారం పీకుతామన్నారు. గుండె డాక్టరుగారేమో అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ 500 మి.గ్రా. మాత్రలు నాలుగు, పీకడానికి గంట ముందు ఒకేసారి వేసుకోమని రాశారు. మందుల షాపతను చీటీ చూసి "నాలుగూ ఒకేసారి ఎవరూ వేసుకోరమ్మా, రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు వాడండి" అన్నాడట. అప్పటినుంచీ అమ్మ ఆ షీటు దిండు పక్కన పెట్టుకుని ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

జవాబు 1: నేను దంతవైద్యురాలినండి. షాపతని మాట వినకండి. పెద్దవాళ్లకు మోతాదు 2 గ్రాములే, పీకడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కసారే. పన్ను పీకేటప్పుడు నోట్లోని బాక్టీరియా రక్తంలోకి పోతుంది, మామూలు గుండె అయితే దాదాపు ఎప్పుడూ ఏమీ కాదు, మెటల్ వాల్వ్‌కి పట్టుకుంటే మాత్రం ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, వాల్వ్‌లకు ఇన్‌ఫెక్షన్) వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆ సమయానికి రక్తంలో మందు నిండుగా ఉండాలి. ఐదు రోజుల కోర్సు చీము, వాపు ఉన్నవాళ్లకిచ్చేది, అది వేరే లెక్క. ఇంకోటి, రక్తం పలచబడే మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, వాల్వ్ మీద గడ్డ కడుతుంది. ముందు ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) చేయించి రిపోర్టు పట్టుకెళ్లండి.

జవాబు 2: మా నాన్నకు స్టెంట్ ఉంది. పళ్లు క్లీనింగ్‌కి వెళ్లినప్పుడల్లా ఇవే వేస్తున్నాం, అవసరమేనా మేడమ్?

జవాబు 1: స్టెంట్‌కి అక్కర్లేదండి, అనవసరంగా వాడకండి. పంటి పనికి ముందు ఈ మందు ఎవరికివ్వాలన్న జాబితాను 2007లోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బాగా కుదించింది. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు, ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలున్నవాళ్లు, గుండె మార్పిడి తర్వాత వాల్వ్ పాడైనవాళ్లు, అంతే.

జవాబు 3: అమ్మగారికి 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ నడుస్తోందా? నాకు చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి వాల్వ్ పోయింది, ఇప్పటికీ ఆ ఇంజెక్షన్ మీదే ఉన్నా. నాకు పంటి పనికి అమాక్సిసిలిన్ రాయలేదు, అదీ పెన్సిలిన్ జాతిదే కాబట్టి, ఆ ఇంజెక్షన్‌కి అలవాటుపడ్డ నోట్లోని బాక్టీరియా దానికి లొంగకపోవచ్చని వేరే మందు ఇచ్చారు. ఒక్కసారి అడగండి.

జవాబు 1: చాలా మంచి పాయింట్. ఇది నేనే మొదట అడగాల్సింది.

అడిగినవారు: నడుస్తోందండీ! ఆ ఇంజెక్షన్ మందుల చీటీలో ఉండదు కాబట్టి ఇక్కడ రాయలేదు, వేరే డాక్టరు దగ్గర వేయిస్తాం. ఇప్పుడే గుండె డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను, అమాక్సిసిలిన్ వద్దని అజిత్రోమైసిన్ 500 ఒక్కటి, గంట ముందు వేయమన్నారు. ఐఎన్‌ఆర్ రేపు పొద్దున.