సమస్యాపూరణం: «కలిపి తీసివేయఁ గలిగె ఫలము»

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఒకటి కలిపి మళ్లీ అదే తీసేస్తే మిగిలేది మొదటిదే కదా, ఫలం ఎక్కడిది? విషయం బీజగణితం. రెండు అవ్యక్తాలున్న (విలువ తెలియని రాశులున్న) రాశిని కారణాంకాలుగా విడగొట్టాలి. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు మొదటి అవ్యక్తాన్ని యావత్తావత్తు అనీ, రెండోదాన్ని కాలకం అనీ అన్నాడు. మనకూ అవే: యా, కా.

మొదటి పూరణ:

విడదు విడదటంచు వెతలఁ బడినవేళ
నడుమఁ గొత్త పదము నాటి చూడ
వర్గభేదమయ్యె, వలసినట్లు విరిగె
కలిపి తీసివేయఁ గలిగె ఫలము

లెక్కల మాష్టారు: నడక హాయిగా ఉంది. యతులన్నీ కుదిరాయి. వర్గభేదం, అంటే రెండు వర్గాల తేడా, అయ్యింది సరే. కానీ విరిగింది ఏ రాశి? అవ్యక్తం ఒక్కటే ఉన్నా ఈ పద్యం సరిపోతుంది.

రెండో పూరణ:

యాకు నాల్గు ఘాత మంతె కాకుఁ గలుగ
నాలుగింతలదియు, నడుమ లోటు
రెండు మూలములకు రెట్టింపు లబ్ధమున్
కలిపి తీసివేయఁ గలిగె ఫలము

లెక్కల మాష్టారు: ఇదీ పూరణ! రాశి యా⁴ + 4కా⁴. వర్గమూలాలు యా², 2కా². వాటి లబ్ధానికి రెట్టింపు 4యా²కా². దాన్ని కలిపి తీసేస్తే:

(యా² + 2కా²)² − (2యాకా)²
= (యా² + 2యాకా + 2కా²)(యా² − 2యాకా + 2కా²)

ఫ్రెంచి గణితవేత్త సోఫీ జెర్మేన్ (1776–1831) పేరుతో పిలిచే సర్వసమీకరణం ఇదే. యా = 10, కా = 1 వేసి చూడండి: 10004 = 122 × 82. అంత పెద్ద సంఖ్య నోటిలెక్కతో విడిపోయింది!

ఒక సభ్యురాలు: ‘నాలుగింతలు’ లేకుండా యా⁴ + కా⁴ తీసుకుంటే?

లెక్కల మాష్టారు: అప్పుడు తీసేయాల్సింది 2యా²కా². దాని మూలంలో √2 వస్తుంది కాబట్టి పూర్ణాంక గుణకాలతో విడదు. పద్యానికి ప్రాణం ఆ ‘నాలుగింతలు’ అన్న మాటే.

మరో సభ్యుడు: యాకు ‘మం’తో యతి ఎలా?

నిర్వాహకుడు: ఘాతము + అంతె. స్వరయతి, యకారానికి అకారంతో చెల్లుతుంది. నా అభ్యంతరం మూడో పాదం చివర. ‘లబ్ధమున్’ తర్వాత ‘కలిపి’ కాస్తా ‘గలిపి’ అవుతుంది, ఇచ్చిన సమస్యే మారిపోతుంది. ‘లబ్ధము’ అనండి. రగణం బదులు భగణం, అదీ ఇంద్రగణమే.

మూడో పూరణ:

ధనము ఋణము సమము తగ నొక్కటై చేర
సున్న యైన, రాశి సొంపు మారె
విలువ మారలేదు, విడిపోవు దారియై
కలిపి తీసివేయఁ గలిగె ఫలము

నిర్వాహకుడు: సమస్యలోని చిక్కును సూటిగా విప్పింది ఇదే. కలిపింది ధనం, తీసింది ఋణం. మొత్తం సున్నే, మారింది రూపం మాత్రమే.

లెక్కల మాష్టారు: కవిత్వం ఇందులో ఎక్కువ, ఒప్పుకుంటాను. అయినా యా, కా రెండూ లేవు కాబట్టి నా ఓటు రెండోదానికే. ‘సొంపు మారె’ అంటే అందం చెడిందనిపిస్తుంది. ‘సొంపు హెచ్చె’ అంటే గణం చెడదు, అర్థమూ నిలుస్తుంది.

మూడో పూరణకర్త: మంచి సవరణ, తీసుకుంటున్నాను. సున్న యైన, రాశి సొంపు హెచ్చె.