రేషన్‌లో బియ్యం కొంత తగ్గించి జొన్నలు ఇస్తే ఒప్పుకుంటారా?

మెతుకుసీమ:
తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, అదీ ఉచితంగా. కడుపు నిండుతోంది, కాదనను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో అది 70 శాతం. తెల్లన్నం ఎంత పెట్టినా ఇది తగ్గేది కాదు.

నేననేది ఇది: 6 కిలోల్లో 2 కిలోలు తగ్గించి ఆ మేరకు జొన్నలు ఇవ్వాలి. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు 1990ల నడుమనే ఇలాంటిది నడిపాయి. బీడుపడ్డ చేలు దున్నుకోవడానికి అప్పు ఇచ్చారు, రైతులు దాన్ని జొన్నలతో తీర్చారు, ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి పేద ఇళ్లకు చౌకగా అమ్మారు. అప్పుడు సంఘాలు చేయగలిగింది ఇప్పుడు ప్రభుత్వం ఎందుకు చేయలేదు? ఒప్పుకోనివారు కారణం చెప్పి మరీ కాదనండి.

చౌకదుకాణం:
నేను రేషన్ డీలర్‌ని. దొడ్డుబియ్యం ఇచ్చినన్నాళ్లు సంగతి మీ అందరికీ తెలుసు. వేలిముద్ర వేసి తీసుకున్న బియ్యం చాలావరకు సాయంత్రానికల్లా వ్యాపారి ఆటోలోకి ఎక్కేవి. సన్నబియ్యం వచ్చాక జనం వండుకుని తింటున్నారు. ఇన్నేళ్లకు సరుకు ఇళ్లకు చేరుతుంటే దాన్ని కదపడం నాకు నచ్చదు. పైగా జొన్నలు ఎవరూ తీసుకోకపోతే మిగిలిన బస్తాలు ఎక్కడ పెట్టాలి? పురుగు పడితే నష్టం ఎవరిది?

పత్తిచేను:
మెతుకుసీమ అన్నా, రొట్టెలు ఎవరు చేస్తారు?

పత్తి ఏరి ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. బియ్యమైతే కడిగి కుక్కర్‌లో పోస్తే మూడు కూతల్లో అన్నం. జొన్నలు అలా కాదు. చెరగాలి, రాళ్లు ఏరాలి, పిండిమరకు మోయాలి. మా ఊళ్లో మర లేదు, పక్క ఊరికి పోవాలి. తర్వాత వేడినీళ్లతో పిండి కలిపి, ఒక్కొక్క రొట్టె చేత్తో తట్టి, పెనం ముందు కూర్చోవాలి. ఆరుగురున్న ఇంట్లో అందరికీ రెండేసి రొట్టెలు కావాలంటే ఎంతసేపు పడుతుందో ఒకసారి మీరే చేసి చూడండి. మా అత్త తరం ఇదంతా చేసింది, నిజమే. ఆ తరం చేతులకున్న కాయలు కూడా నాకు గుర్తున్నాయి. జొన్నల గొప్పతనం గురించి రాసేవాళ్లలో పెనం ముందు కూర్చునేవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

లెక్కల పంతులు:
నేను ఆవేశం లేకుండా లెక్క చెబుతాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు, జొన్నల్లో 10, కందిపప్పులో 22 గ్రాములకు కొంచెం తక్కువ. అంటే 2 కిలోల బియ్యం తీసేసి 2 కిలోల జొన్నలు ఇస్తే మనిషికి నెలకు అదనంగా అందే మాంసకృత్తులు 40 గ్రాములు. కిలో కందిపప్పు ఇస్తే 200 గ్రాముల పైమాటే, అదీ బియ్యం ముట్టుకోకుండా!

ఇనుములో జొన్నలది పైచేయే. బియ్యంలో 100 గ్రాములకు 0.65 మిల్లీగ్రాములు, జొన్నల్లో 4 దాకా. కానీ నెలకు 2 కిలోలంటే రోజుకు అదనంగా వచ్చేది 2 మిల్లీగ్రాముల చిల్లర. ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29 అని అదే సంస్థ చెబుతోంది. ఆ 2 కూడా పూర్తిగా ఒంటికి పట్టదు. కాబట్టి ఈ గొడవంతా జొన్నల కోసం పెట్టుకోవడం దండగ. పప్పు కోసం పెట్టుకోండి.

హైదరాబాదీ:
ఇంత తలనొప్పి ఎందుకు? బ్యాంకు ఖాతాలో డబ్బులు వేయండి, ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కుంటారు. కర్ణాటకలో 2023 జూలై నుంచి 5 కిలోల బియ్యానికి బదులు మనిషికి నెలకు 170 రూపాయలు వేయలేదా?

లెక్కల పంతులు:
వేశారు. వాళ్లకు అదనపు బియ్యం దొరక్క వేశారు. 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ బియ్యానికే వచ్చారు. ఝార్ఖండ్‌లో రాంచీ దగ్గర నగ్డీలో 2017లో డబ్బు పద్ధతి పెట్టారు. బ్యాంకుకు పోయి డబ్బు తెచ్చి, ఆ డబ్బుతో మళ్లీ రేషన్ దుకాణానికి పోయి బియ్యం కొనాలి. జనం రోడ్డెక్కితే 2018లో ఎత్తేశారు. మీ వీధిలో అడుగుకో దుకాణం ఉంది కాబట్టి మీకు డబ్బు తేలిక. ఊళ్లో ఉన్న ఒక్క కిరాణా కొట్టువాడు చెప్పిందే ధర.

అంగన్‌వాడీ టీచరు:
అందరూ రేషన్ కార్డు దగ్గరే ఆగిపోయారు. తమంతట తాము అన్నం తినలేని వయసు పిల్లల మాటేమిటి? ఏడాదిన్నర బిడ్డకు సన్నబియ్యమైనా జొన్నలైనా ఒకటే. కావలసింది మెత్తటి పప్పన్నం, గుడ్డు, చెంచాడు నూనె, కూర్చుని తినిపించే మనిషి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు ఇస్తున్నాం. వచ్చి తిన్నవాళ్లకు మేలు. కూలిపని ఉన్న రోజుల్లో రారు. ఆ పూట కూలి పోగొట్టుకుని గుడ్డు కోసం రమ్మంటే ఎవరు వస్తారు? ఇంటికి పంపితే ఆ గుడ్డు మామగారి పళ్లెంలోనో మగపిల్లాడి పళ్లెంలోనో తేలుతుంది. అందుకే అక్కడే తినమంటాం.

ఇంకో మాట. బియ్యంలోనే ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి ఇస్తూ వచ్చారు. బియ్యప్పిండిలో వీటిని కలిపి గింజల్లా ఒత్తి, సుమారు వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. కడిగేటప్పుడు అవి నీళ్లపై తేలితే ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టింది. చాలా ఇళ్లలో వాటినే వెతికి ఏరి పారేసేవారు! పోషకం పారబోసి మిగతాది వండుకోవడమన్నమాట. బియ్యం ఇచ్చేటప్పుడు ఈ నాలుగు ముక్కలు చెప్పే మనిషి ఉండాలి కదా. తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తజబ్బులు ఉన్నవాళ్ల కోసం 2024 దాకా సంచుల మీద ఒక హెచ్చరిక ఉండేది, అది కూడా ఎవరూ చెప్పలేదు. ఏజెన్సీ ఊళ్లలో సికిల్ సెల్ ఎక్కువ.

చౌకదుకాణం:
టీచరమ్మా, ఆ గింజల సంగతి ఇంత వివరంగా నాకే ఎవరూ చెప్పలేదు. నన్ను అడిగినవాళ్లకు నేనేం చెప్పను?

వడిసెల:
జొన్న వేసేవాడిగా చెబుతున్నాను. కంకి పాలు పోసుకునే రోజుల్లో పిట్టల మందలు దిగుతాయి. మంచె మీద మనిషి ఉండాలి, తెల్లవారుజాము నుంచి మసక దాకా. ఊళ్లో అందరూ వేస్తే పిట్టలు అన్ని చేలకూ పంచుకుంటాయి. నేనొక్కడినే వేస్తే అన్నీ నా చేలోనే. ఇది తెలియనివాళ్లు రైతులు చిరుధాన్యాలు మానేశారని తిడతారు.

2025-26లో హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, మామూలు వడ్లకు 2,369. కాగితం మీద జొన్నదే గెలుపు. కానీ ఎకరాకు వడ్లు ఎన్ని వస్తాయి, జొన్నలు ఎన్ని వస్తాయి? వడ్ల కల్లం దగ్గరకే కొనుగోలు కేంద్రం వస్తుంది, సన్నవడ్లకు పైన 500 బోనసు. జొన్నలు కొనే కేంద్రం ఎప్పుడు తెరుస్తారో చూసుకుంటూ బస్తాల మీద పడుకోవాలి. రేషన్‌లో జొన్న పెడితే కొనక తప్పదు కనుక నేను మెతుకుసీమ పక్షం.

మెతుకుసీమ:
వడిసెల అన్న చెప్పిందే నా అసలు ఉద్దేశం. పంతులు గారి లెక్క తినే కంచానికి సరిపోవచ్చు, కానీ ఆ పప్పు ఎక్కడి నుంచి వస్తుంది? దేశం ఇప్పటికే మయన్మార్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి కందులు తెచ్చుకుంటోంది. మా వైపు జొన్నలో కంది సాళ్లు కలిపి వేస్తారు. జొన్న కొంటే కంది కూడా చేలోకి వస్తుంది.

పత్తిచేను అక్కకు: ఒడిశాలో 2017లో మొదలైన చిరుధాన్యాల పథకంలో మహిళా సంఘాలకు నూర్పిడి యంత్రాలు, పిండిమరలు ఇచ్చారు. కేంఝర్, సుందర్‌గఢ్ జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు రాగిలడ్లు పెట్టారు. గింజలు కాకుండా పిండే ఇస్తే?

పత్తిచేను:
పిండి ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? నెలకొకసారి ఇచ్చే పిండి నెలాఖరుకు చేదెక్కుతుంది. ఊళ్లోనే మర పెట్టించండి, కరెంటు ఖర్చు పంచాయతీ భరించాలి, అప్పుడు గింజలు ఇవ్వండి. అప్పుడైనా బియ్యం కోసేయకండి. కావాలన్నవాళ్లు మార్చుకునే వీలు ఉంచండి. కర్ణాటకలో దక్షిణ జిల్లాల వాళ్లు రేషన్ రాగులు తీసుకుంటున్నారంటే అక్కడ రాగిముద్ద ఇప్పటికీ రోజూ తినే తిండి. మా పిల్లలకు రొట్టె పండగ వంటకం అయిపోయింది.

లెక్కల పంతులు:
ఇష్టం ఉన్నవాళ్లకే అంటే సరే. చట్టం కూడా అడ్డు రాదు. 2013 ఆహార భద్రత చట్టంలోనే ముతక ధాన్యాలు ఉన్నాయి, అప్పట్లో కిలో రూపాయికి. లేనిది పప్పు. నా పట్టు అక్కడే.

చౌకదుకాణం:
పప్పయితే నాకు అభ్యంతరం లేదు, ఎంత వచ్చినా ఒక్క రోజులో అయిపోతుంది. ప్యాకెట్లలో పంపమనండి, విడిగా బస్తాల్లో వస్తే తూకంలో తరుగు నా నెత్తిన పడుతుంది. జొన్నలు మాత్రం ఎవరికి కావాలో ముందు నెలలోనే పేర్లు రాయించుకుంటాను. మా ఊరి నుంచి ఎన్ని పేర్లు వస్తాయో చూసి ఇక్కడే రాస్తాను.