ఉగాది ఫలహారం: మనిషికో డబ్బా కట్టాలా, కుండ దగ్గర వడ్డించాలా?

నల్గొండ కోడలు:
మార్చి 19న ఉగాది. సాయంత్రం మా కాలనీ గుడి దగ్గర పంచాంగ శ్రవణం ఉంటుంది, 120 మంది దాకా వస్తారు, ఈసారి ఫలహారం మా గల్లీ ఆడవాళ్ల వంతు. పోయినేడు అన్నీ ఒకే టేబుల్ మీద పెట్టాం. పిల్లలు ముందే ఉరికి భక్ష్యాలు రెండేసి మూడేసి పట్టుకుపోయారు, పంచాంగం అయ్యేదాకా కదలకుండా కూర్చున్న పెద్దవాళ్లకు పులిహోర ఒక్కటే మిగిలింది. ఒక పెద్దాయన ఖాళీ బేసిన్ చూసి "పర్వాలేదు బిడ్డా, నాకెట్లాగూ షుగరే కదా" అని వెళ్లిపోయాడు. ఆ మాట ఏడాదిగా నన్ను గుచ్చుతూనే ఉంది. అందుకే మనిషికో డబ్బా అనుకుంటున్నా: ఒక భక్ష్యం, రెండు గారెలు, పిడికెడు బొబ్బర గుడాలు, మూత ఉన్న గ్లాసులో పచ్చడి. మా ఇంట్లోనే సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

పాలమూరు అన్న:
వద్దు అక్కా. 120 డబ్బాలు కట్టావంటే 121వ మనిషికి లేనట్టే. గుడి ముందు ఊడ్చే ఆమె, నీళ్ల ట్యాంకరు డ్రైవరు, పండుగకు చెప్పకుండా దిగిన ఎవరింటి చుట్టమో, వీళ్లంతా నీ లెక్కలో ఉన్నారా? బేసిన్‌లో ఉంటే గరిటె కొంచెం తగ్గించి అందరికీ సర్దొచ్చు, మూత వేసిన డబ్బాను ఎట్లా సర్దుతావు? పోయినసారి తప్పు బేసిన్‌ది కాదు, దాని దగ్గర వడ్డించే మనిషి లేకపోవడం. ఇద్దరిని నిలబెట్టండి, పెద్దవాళ్లకు కూర్చున్న చోటికే తీసుకుపోయి పెట్టండి.

నారాయణపేట వంటిల్లు:
నేను ఇంట్లో ఆర్డర్ల మీద వంట చేస్తాను, అందుకే పని సంగతి చెప్తా. వేడి గారెను మూతలో పెడితే గంటలో చెమట పట్టి మెత్తబడుతుంది, పక్కన గుడాలు ఉంటే ఆ తడి కూడా పీలుస్తుంది. భక్ష్యాలైతే పూర్తిగా ఆరాక పెడితే సాయంత్రం దాకా బాగానే ఉంటాయి. కిలో శనగపప్పుకు కిలో బెల్లం వేసి నిమ్మకాయంత ముద్ద పెట్టుకుంటే నాకు 50 దాకా వస్తాయి, మీరు మూడు కిలోలు పోస్తే 150, అన్న చెప్పిన చెప్పకుండా వచ్చేవాళ్లకూ సరిపోతాయి. అసలు ఇబ్బంది పచ్చడితోనే. మన దిక్కు పచ్చడి గ్లాసులో పోసుకుని తాగేదే కదా, పలుచగా ఉంటుంది. పొద్దున్నే 120 గ్లాసుల్లో పోసి పెడితే వేపపువ్వు పైకి తేలుతుంది, పుట్నాల పిండి అడుగుకు దిగుతుంది, మామిడి ముక్క ఒకరికి నాలుగు వస్తే ఒకరికి ఒక్కటీ రాదు. ఒకరికి చేదే, ఇంకొకరికి తీపే. ఆరు రుచులూ అందరి నోటికీ అందాలంటే కుండలో గరిటెతో అడుగు నుంచి కలుపుతూ అప్పటికప్పుడు పోయాల్సిందే. పువ్వు కూడా చివర్లోనే వేయండి, కాడలు తీసి రేకులు మాత్రమే, కాడలుంటే చేదు ఎక్కువై పిల్లలు తాగరు.

దేవరకొండ పిన్ని:
డబ్బానో, బేసినో తర్వాత సంగతి, ప్లాస్టిక్ మాత్రం వద్దమ్మా. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు దేశమంతా నిషేధం, అయినా మన ఫంక్షన్లలో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. కాగితం గ్లాసులకూ లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. మోదుగాకు డొప్పలు తెప్పించండి. మా అమ్మ ఎండాకాలమంతా అరుగు మీద కూర్చుని విస్తర్లు కుట్టేది, ఆ ఆకు వాసనకే పులిహోర ఇంకో ముద్ద దిగేది. పచ్చడికి మాత్రం డొప్ప పనికిరాదు, కారిపోతుంది. దానికి చిన్న మట్టి గ్లాసులు చెప్పుకోండి, కొత్త కుండ ఎట్లాగూ కుమ్మరి దగ్గరే తెస్తారు కదా.

నల్గొండ కోడలు:
పచ్చడి సంగతి ఒప్పుకుంటున్నా, ఆ తేలడం నాకు తట్టనే లేదు. పచ్చడి కుండలోనే ఉంటుంది, గారెలు బేసిన్‌లోనే ఉంటాయి. కానీ భక్ష్యం, గుడాలు మాత్రం విడివిడిగా డొప్పల్లోనే పెడతాను అన్నా, 150 చేస్తాను, 30 పక్కన పెడతాను. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న భక్ష్యం, గుడాలు ఎక్కువ. వడ్డించే మనుషుల్ని పెట్టుకోమన్నావు, నిజమే, కానీ ఆ రోజు పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడవాళ్లే సాయంత్రం గరిటె పట్టుకుని నిలబడాలి. వాళ్లు పంచాంగం ఎప్పుడు వినాలి? మగవాళ్లలో ఇద్దరు ముందుకొస్తే డొప్పలు కూడా మానేస్తా.

పాలమూరు అన్న:
ఆ మాట నేను ఆలోచించలేదు అక్కా. మా దగ్గర కూడా వడ్డన ఆడవాళ్లదే. డొప్పల విషయంలో నా మాట మారదు గానీ, ఈసారి మా ఊళ్లో కుండ దగ్గర నేనే నిలబడతాను, మా బావమరిదిని కూడా పిలుస్తాను.

దేవరకొండ పిన్ని:
కోడలా, మట్టి గ్లాసులకు వారం ముందే చెప్పు. కొత్తవి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టు, లేకపోతే పచ్చడిలో మట్టి వాసన దిగుతుంది.